గొడ్డలి చేతికిచ్చిన పటాలం

యుద్ధానికి వెళ్లి వచ్చిన పెద్దల ముచ్చట మన ఇళ్లలో వచ్చినప్పుడు కథ సాధారణంగా ఒకే తీరున నడుస్తుంది. దాదాగారు మిలటరీలో పనిచేశారన్న మొదటి మాట నిజమే అయి ఉంటుంది. ఆయన తుపాకీ పట్టి శత్రువుతో తలపడ్డారన్న రెండవ మాటను ఎవరో ఒకరు, ఏదో ఒక తరంలో, ప్రేమకొద్దీ చేర్చి ఉంటారు. మూడవ తరానికి ఒక శౌర్య పతకం చేరుతుంది. నాలుగవ తరానికి ఒక దొర స్వయంగా వచ్చి భుజం తట్టినట్లు కూడా చెబుతారు. తరువాత ఎప్పుడో ఒక మనుమడు పట్టుదలతో పాత కాగితాలు వెలికి తీస్తాడు. వాటిలో ఆయన వృత్తి ‘కూలీ’ అనీ, చేసిన పని కలప కోత అనీ ఉంటుంది. ఇంటిల్లిపాదీ మౌనం వహిస్తారు. కాగితం మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోతుంది.

ఆ మౌనం ఎందుకు? చేతిలో ఉన్నది తుపాకీ కాక గొడ్డలి అయినందుకా? ఈ ప్రశ్నను తన చరిత్రలో ఎదుర్కొన్న ఒక పటాలం గురించి, దానిలో పనిచేసినవారి బిడ్డలు తమ పెద్దలను వెదికి పట్టుకున్న తీరు గురించి ఈ నెల వివరంగా చెప్పదలిచాను. వారు మన దేశం వారు కారు, మన భాష వారు కారు. అయినా వారి అన్వేషణలో మన కుటుంబాలకు పనికివచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఫిరంగుల యుద్ధమంటారు. కానీ ఆ ఫిరంగులు నిలబడింది కలప మీద. కందకాల గోడలు కూలకుండా ఆపడానికి పలకలు కావాలి. అడుగున బురదలో కాళ్లు దిగబడకుండా పరచడానికి బల్లలు కావాలి. ముళ్లతీగ కట్టడానికి గుంజలు, మందుగుండు సామగ్రికి పెట్టెలు, రైలు పట్టాల కింద స్లీపర్లు, సైనికులు తలదాచుకోవడానికి గుడిసెలు, చనిపోయినవారి సమాధుల మీద గుర్తులు, అన్నిటికీ చెట్టే ఆధారం. సముద్రం మీద జర్మనీ జలాంతర్గాములు ఓడలను ముంచుతున్న కాలంలో కలపను అట్లాంటిక్ దాటించి తేవడం అంటే తిండిగింజలకూ ఆయుధాలకూ కావలసిన ఓడలను దుంగలతో నింపడమే. అందుచేత 1916 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వం కెనడాను కలప బదులు కలప కోయగల మనుషులను పంపమని కోరింది. కెనడా వెంటనే 224వ బెటాలియన్‌ను సమకూర్చింది. అదే ఏడాది నవంబరులో ‘కెనడియన్ ఫారెస్ట్రీ కోర్’ ఏర్పడింది. చెట్టు నరికేవారు, దుంగలను గుర్రాలతో లాగించేవారు, రంపాలకు పదును పెట్టేవారు, కమ్మరులు, సామిల్లు నడిపేవారు, వంటవారు అందరూ సైనిక దుస్తుల్లో, సైనిక సంఖ్యలతో, సైనిక క్రమశిక్షణ కింద బ్రిటన్, ఫ్రాన్స్ అడవుల్లో పనిచేశారు.

ఇంతవరకు ఇది ఒక వృత్తి కథ. అసలు బాధ ఇక్కడి నుండి మొదలవుతుంది.

1914లో యుద్ధం మొదలైనప్పుడు కెనడాలోని నల్లజాతి యువకులు కూడా సైన్యంలో చేరడానికి వరుసల్లో నిలబడ్డారు. ముఖ్యంగా నోవాస్కోషియా రాష్ట్రంలో తరతరాలుగా స్థిరపడిన కుటుంబాల బిడ్డలు. వారిలో చాలామందిని భర్తీ కేంద్రాల గుమ్మం దగ్గరే తిప్పి పంపారు. ఇది తెల్లవారి యుద్ధమని ముఖం మీదే చెప్పారు. చేర్చుకోవద్దని రాతపూర్వకమైన నిషేధం లేదు. నిర్ణయాన్ని ఆయా పటాలాల అధికారుల ఇష్టానికి వదిలేశారు, ఆ ఇష్టం ఎటు మొగ్గిందో చెప్పనవసరం లేదు. 1916 ఏప్రిల్‌లో కెనడా సైన్యపు ప్రధానాధికారి జనరల్ గ్వాట్కిన్ ఈ విషయమై ఒక నివేదిక రాశాడు. నల్లజాతివారు పోరాట దళాలకు తగరనీ, తెల్ల సైనికులు వారి పక్కన నిలవరనీ, వారిని శ్రమ దళంగా చేర్చుకోవచ్చుననీ దాని సారాంశం. అధికార భాషలో చల్లగా రాసిన అవమానం అది. ఆ కాగితం నేటికీ భద్రంగా ఉంది. ప్రభుత్వాలు తాము చేసిన అన్యాయానికి తామే సాక్ష్యం రాసి దాచుకుంటాయి. వెదికేవారికి అదే మేలు.

1916 జూలై 5న పిక్టో పట్టణంలో ‘నంబర్ 2 కన్‌స్ట్రక్షన్ బెటాలియన్’ ఏర్పడింది. కొంతకాలానికి దాని కేంద్రం ట్రూరోకు మారింది. కెనడా నలుమూలల నుండే కాక అమెరికా నుండి, వెస్టిండీస్ దీవుల నుండి వచ్చినవారు కూడా అందులో చేరారు. అధికారులంతా తెల్లవారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు పటాలపు పాస్టరు విలియం ఆండ్రూ వైట్. అమెరికాలోని వర్జీనియాలో, ఒకప్పుడు బానిసలుగా బతికిన తల్లిదండ్రులకు 1874లో పుట్టిన మనిషి. చదువు కోసం కెనడా వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఆయనకు గౌరవ కెప్టెన్ హోదా ఇచ్చారు.

1917 మార్చి చివర ఆరువందల మందికి కొంచెం అటూ ఇటూగా ఈ పటాలం ‘సౌత్‌లాండ్’ అనే ఓడలో హాలిఫాక్స్ రేవు నుండి బయలుదేరింది. ఇంగ్లాండు చేరాక బెటాలియన్‌కు కావలసినంత సంఖ్య లేదని దాన్ని కంపెనీగా తగ్గించారు. మే నెలలో ఫ్రాన్స్‌కు పంపారు, యుద్ధరంగానికి కాదు. స్విట్జర్లాండు సరిహద్దుకు చేరువలో జూరా పర్వతాలున్నాయి. అక్కడి లా జూ అడవిలో ఆకాశాన్నంటే ఫర్ చెట్లుంటాయి. ఆ అడవిలో ఫారెస్ట్రీ కోర్‌కు తోడుగా వీరిని పెట్టారు. చెట్లు కూల్చారు, దుంగలు లాగారు, సామిల్లుల్లో పలకలు కోశారు, కోసిన సరుకును రైలు స్టేషనుకు చేర్చారు. కొండదారులు మంచుకూ వానకూ కొట్టుకుపోతుంటే రోడ్లు వేశారు, మరమ్మతు చేశారు. శిబిరాలకు నీటి సరఫరా ఏర్పాటును చూసుకున్నారు. కొందరిని అలెన్‌సాన్‌కు, కొందరిని పెరోన్‌కు పంపారు, అక్కడా అడవి పనే. నివాసం తెల్లవారి నుండి వేరుగా. ఒకే రాజు పేరున ప్రమాణం చేసి, ఒకే రకం దుస్తులు వేసుకుని, ఒకే చెట్టును చెరొక వైపు నరికిన తరువాత పడుకోవడానికి మాత్రం వేరువేరు చోట్లు!

యుద్ధం ముగిసింది. 1919 ఆరంభానికల్లా వీరు ఇళ్లు చేరారు. 1920 సెప్టెంబరులో పటాలం పేరును కూడా రద్దు చేశారు. తరువాత అరవై ఏళ్లపాటు కెనడా బడి పుస్తకాలు చదివిన పిల్లవానికి ఇటువంటి పటాలం ఒకటి ఉండేదని తెలిసే అవకాశమే లేదు. ఇళ్లలో మాత్రం గోడమీద ఒక ఫొటో, పెట్టెలో ఒక పతకం, ముసలాయన ఎప్పుడైనా చెప్పే నాలుగు ముక్కలు. ఆయన కూడా ఎక్కువ చెప్పేవాడు కాదు. ఏమని చెబుతాడు? పక్కింటి మనిషి విమీ రిడ్జ్ గెలిచి వచ్చాడు, తాను చెట్లు కొట్టి వచ్చాడు.

ఈ మరుపును ఛేదించినవాడు విశ్వవిద్యాలయ పండితుడు కాకపోవడం నాకు ఎంతో నచ్చిన విషయం. కాల్విన్ రక్ అనే ఆయన 1925లో నోవాస్కోషియాలోని సిడ్నీ పట్టణంలో, బార్బడోస్ నుండి వలస వచ్చిన దంపతులకు పుట్టాడు. ఏళ్లపాటు రైలు శయన బోగీల్లో పోర్టరుగా పనిచేశాడు, తరువాత సమాజ సేవా రంగంలోకి వచ్చాడు. ఆయన ఇంటింటికీ తిరిగి, బతికి ఉన్న ఆ పటాలం వృద్ధులను వెదికి పట్టుకున్నాడు. వారి మాటలు రాసుకున్నాడు, ఆర్కైవ్స్‌లోని కాగితాలతో పోల్చి చూసుకున్నాడు. 1982లో మిగిలినవారిని హాలిఫాక్స్‌లో ఒకచోట చేర్చి సత్కారం ఏర్పాటు చేయడంలో ముందు నిలిచాడు. 1980ల చివరికి ఆ పటాలం చరిత్రను పుస్తకంగా తెచ్చాడు. అప్పటికి ఆ వృద్ధులు తొంభైకి దగ్గరపడినవారు. మరి పదేళ్లు ఆలస్యమై ఉంటే అడగడానికి ఎవరూ మిగిలేవారు కారు. రక్ 1998లో కెనడా సెనేట్ సభ్యుడయ్యాడు.

పాస్టరు వైట్ విషయం మరొక విధంగా వెలుగులోకి వచ్చింది. ఆయన యుద్ధకాలంలో డైరీ రాసుకున్నాడు. వరుసకు ఆయనకు మనుమడయ్యే ఆంథొనీ షేర్‌వుడ్ అనే నటుడు, దర్శకుడు ఆ డైరీ ఆధారంగా 2001లో ఒక చిత్రం తీశాడు. ఒక సొరుగులో ఉండిపోయిన నోటుపుస్తకం వల్ల పటాలానికి లోపలి గొంతు దొరికింది. సైన్యపు కాగితాలు ఎన్ని ఉన్నా, అవి అధికారి మాటలు. ఇది వారితో కలిసి తిన్నవాని మాట.

ఇక వెదికే పద్ధతి. కెనడావారు చేసిన మెచ్చదగిన పని ఏమిటంటే, మొదటి యుద్ధంలో తమ సేనలో చేరినవారి సేవాపత్రాలను, ఆరు లక్షలకు పైగా ఫైళ్లను, ఒక్కొక్క పేజీ ఫొటో తీసి 2018 నాటికి అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. జనరల్ ఫైలూ, అడవిలో దుంగలు లాగినవాని ఫైలూ ఒకే వరుసలో ఉన్నాయి. బ్రిటన్‌లో ఈ అదృష్టం లేదు. 1940 సెప్టెంబరులో లండన్ మీద పడిన బాంబులకు మొదటి యుద్ధపు సిపాయిల కాగితాల్లో సగానికి పైగా కాలిపోయాయి, మిగిలినవి అంచులు మాడిపోయి ఉన్నాయి.

ఒక కెనడా ఫైలు తెరిస్తే మొదట చేరిక పత్రం కనబడుతుంది. పేరు, పుట్టిన ఊరు, పుట్టిన తేదీ, వృత్తి, దగ్గరి బంధువు, మతం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, కింద సంతకమో, రాయడం రానివారైతే గుర్తో. పుట్టిన తేదీని వెంటనే నమ్మరాదు. చిన్నవాడు వయస్సు పెంచి, పెద్దవాడు తగ్గించి చెప్పడం ఆనాడు పరిపాటి. వృత్తి గడిలో ‘కూలీ’ అన్న ఒక్క మాట ఉంటే అంతటితో ఆగరాదు. ఆ మాట రాసినది కలం పట్టిన గుమాస్తా. రంపం పంటి పదును చేతితో తాకి చెప్పగలవాడు, కూలబోయే మాను ఎటు ఒరుగుతుందో కంటితో పసిగట్టగలవాడు కూడా ఆ గడిలో కూలీయే.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది జీతపు కాగితం. కెనడా సేనలో సాధారణ సిపాయికి రోజుకు ఒక డాలరు పది సెంట్లు. అందులో ఒక భాగం ప్రతినెలా ఇంటికి పంపించమని అతడు రాసిచ్చేవాడు. ఎవరికి పంపాడు, ఏ ఊరికి పంపాడు, ఎప్పుడు చిరునామా మారింది అన్నవి ఆ కాగితం మీద ఉంటాయి. తల్లి పేరు మరచిపోయిన కుటుంబాలకు ఆమె పేరు అక్కడ దొరుకుతుంది. పెళ్లి ఎప్పుడైందో తెలియనివారికి, డబ్బు తల్లి పేరు నుండి భార్య పేరుకు మారిన నెల చెబుతుంది. శౌర్యగాథ కోసం వెదికిన మనుమనికి, నెలనెలా ఇంటికి అన్నం పంపిన మనిషి కనబడతాడు. నాకైతే రెండవదే పెద్ద వార్త అనిపిస్తుంది.

ఫైలులో మనిషి ఉంటాడు గాని అతని దినం ఉండదు. అందుకు పటాలపు యుద్ధ దినచర్యను పక్కన పెట్టుకుని చదవాలి. ఏ రోజు ఏ అడవిలో ఉన్నారు, ఏ పని జరిగింది, ఎవరు వచ్చి తనిఖీ చేశారు అన్నది అందులో ఉంటుంది. అందులో సిపాయిల పేర్లు అరుదు. ఫైలులోని తేదీని దినచర్యలోని తేదీతో కలిపినప్పుడే మనిషి అడవిలోకి నడిచి వస్తాడు.

మా మద్రసాలలో ఒక కథనం చెవినబడగానే విద్యార్థి అడగవలసిన మొదటి ప్రశ్న, దీనిని ఎవరు ఎవరి నుండి విన్నారు అన్నది. చెప్పినవాడు ఆ చోట ఉన్నాడా, ఆ కాలంలో బతికి ఉన్నాడా, అతని జ్ఞాపకం గట్టిదేనా? కుటుంబ కథను కూడా ఇదే జల్లెడలో వేయాలి. ఫూఫీ చెప్పింది అంటే ఫూఫీకి ఎవరు చెప్పారు? దాదాగారు స్వయంగా చెప్పగా విన్నదా, లేక పెళ్లిలో ఎవరో అంటుండగా విన్నదా? కాగితాన్ని కూడా గుడ్డిగా నమ్మరాదు. గుమాస్తా కూడా ఒక కథకుడే, అతనికీ పొరపాట్లూ దురభిప్రాయాలూ ఉంటాయి.

ఫైళ్లలో మరొక ముళ్లకంప ఉన్నది. శిక్షల పట్టిక ఒకటి ఉంటుంది, వైద్య పత్రాలూ ఉంటాయి. తాగి దొరికినందుకు జీతం కోత, సెలవు మించి ఉన్నందుకు శిక్ష, పదిమందిలో చెప్పుకోలేని వ్యాధికి చికిత్స. ఇరవై ఏళ్ల యువకుడు ఇల్లు విడిచి వేల మైళ్ల దూరంలో చేసిన తప్పు, వందేళ్ల తరువాత మునిమనుమని తెరమీద కనబడుతుంది. ఏం చేయాలి? చనిపోయినవారి లోపాలను కప్పిపుచ్చడం మన మర్యాద. అది కథ కల్పించడానికి అనుమతి కాదు. లేని పతకాన్ని అంటగట్టడం వేరు, ఉన్న మచ్చను బజారున పెట్టకుండా ఉండడం వేరు. దొరికిన ప్రతి కాగితాన్నీ కుటుంబ వాట్సాప్ గ్రూపులో వేయవలసిన అగత్యం లేదు.

మరొక చిక్కు కూడా చెప్పాలి. పేరులో ‘దళం’ ఉన్నంత మాత్రాన సైన్యపు ఫైలు ఉండదు. రెండవ ప్రపంచ యుద్ధంలో మధ్య అమెరికాలోని బ్రిటిష్ హోండురాస్ నుండి సుమారు తొమ్మిది వందల మంది అడవి పనివారు స్కాట్లాండుకు వచ్చారు. ఆ దేశాన్నే నేడు బెలీజ్ అంటున్నాము. ఉష్ణదేశపు బిడ్డలు, ఆ చలిలో, సరిపడని గుడిసెల్లో కలప కోశారు. వారి బృందాన్ని ‘ఫారెస్ట్రీ యూనిట్’ అన్నారు గాని చట్టరీత్యా వారు పౌరులు. 1943లో బృందాన్ని రద్దు చేశారు. వారి మనుమలు రక్షణ శాఖ తలుపు తడితే జాడ దొరకదు. వలసల శాఖ, సరఫరాల శాఖ దస్త్రాల్లో వెదకవలసి ఉంటుంది. న్యూఫౌండ్‌లాండ్ నుండి వచ్చిన అడవి పనివారి కథ కూడా ఇటువంటిదే. ముందుగా తెలుసుకోవలసింది మనిషికి జీతం ఇచ్చింది ఎవరు అన్నది. కాగితం జీతం వెంట నడుస్తుంది.

మన దేశం మాట? 1917, 1918లలో ఫ్రాన్స్‌లో కలప కోసినవారిలో భారతీయులూ ఉన్నారు. ‘ఇండియన్ లేబర్ కోర్’ పేరున బీహార్-ఒరిస్సా కొండప్రాంతాల నుండి సంతాలులు, ముండాలు, ఓరావులు, ఈశాన్యం నుండి నాగాలు, లుషాయిలు, మణిపూర్ వారు, సరిహద్దు రాష్ట్రం నుండి పఠానులు వెళ్లారు. రోడ్లు, రాళ్లు, బరువులతోపాటు అడవి పనీ చేశారు. కొందరు అక్కడి మట్టిలోనే ఉన్నారు. ఉత్తర ఫ్రాన్స్‌లోని అయెత్ గ్రామంలో భారతీయులకూ చైనీయులకూ కలిపి ఒక సమాధి స్థలమే ఉంది. కెనడా కూలీకి దొరికిన ఫైలు వీరికి లేదు. మెసొపొటేమియాలో మరణించినవారి కోసం కట్టిన బస్రా స్మారకం మీద, భారతీయ అధికారుల పేర్లు చెక్కి సాధారణ సిపాయిలను అంకెలుగా మాత్రమే చూపారు. మన మద్రాసు ప్రెసిడెన్సీ దళాలు కూడా ఆ రంగానికి వెళ్లాయి. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ ఈ అసమానతను 2021లో తానే నివేదిక వేసి ఒప్పుకున్నది. అదే ఏడాది మరొక మంచి పని జరిగింది. పంజాబు ప్రభుత్వం యుద్ధానంతరం గ్రామాలవారీగా రాయించిన రిజిస్టర్లు లాహోరు మ్యూజియంలో ఉండిపోగా, మూడు లక్షలకు పైగా పేర్లున్న ఆ పుటలను ఇంటర్నెట్‌లోకి తెచ్చే పని మొదలైంది. అది పంజాబువారి భాగ్యం.

కాబట్టి మన ఇళ్లలో అన్వేషణ ఇంటి నుండే మొదలు కావాలి. పతకం ఉంటే దాని ముఖం మీది రాజు బొమ్మను చూసి పక్కన పెట్టకండి. అంచును భూతద్దంతో చూడండి. మొదటి యుద్ధపు పతకాల అంచున సంఖ్య, పేరు, దళం చెక్కి ఉంటాయి. అది వెండికి బదులు కంచుతో చేసినదైతే, ఆయన శ్రమ దళంలో ఉన్నారనడానికి అదే బలమైన సూచన. బ్రిటిష్ యుద్ధ పతకాన్ని శ్రమ దళాలకు కంచుతో చేసి ఇచ్చారు. లోహంలో కూడా తేడా చూపిన కాలం అది. అయితే ఆ కంచు నేడు అరుదు, తూకానికి అమ్మేయకండి. రెండవ యుద్ధపు నక్షత్ర పతకాలను బ్రిటిష్‌వారికి పేరు లేకుండానే ఇచ్చారు గాని భారతీయులకు ఇచ్చినవాటి మీద పేరు కొట్టి ఇచ్చారు. వెనుక చూడండి.

డిశ్చార్జి కాగితం, పింఛను పుస్తకం, మనియార్డరు రసీదు, ఇంటికి వచ్చిన జాబు మీది పోస్టు ముద్ర, ఏదైనా సరే తేదీతో సహా ఫొటో తీసి ఉంచండి. మన పేర్లతో ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. ఆంగ్ల గుమాస్తా షేక్‌ను మూడు విధాలుగా, ముహమ్మద్‌ను అరడజను విధాలుగా రాసేవాడు. ఖాదర్ కాదర్ అవుతాడు, ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక, ఇంకొకచోట అసలే ఉండదు. ఒకే దళంలో నలుగురు అబ్దుల్ రహీములు ఉండవచ్చు. అందుచేత తండ్రి పేరు, గ్రామం, తాలూకా తప్పనిసరిగా పట్టుకోవాలి. వాటన్నిటికన్నా ముందు సైనిక సంఖ్యను పట్టుకోవాలి. పేరు మారినా సంఖ్య అంత సులభంగా మారదు.

2022 జూలై 9న ట్రూరోలో కెనడా ప్రధానమంత్రి జస్టిన్ ట్రూడో నంబర్ 2 కన్‌స్ట్రక్షన్ బెటాలియన్ వారికి జరిగిన అన్యాయానికి ప్రభుత్వం తరఫున బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. వినడానికి ఆ పటాలం మనిషి ఒక్కడూ లేడు. ప్రభుత్వం ముందుగా ప్రకటన చేసి, వారసులెవరైనా ఉంటే తెలియజేయమని కోరింది. అటువంటి రోజు వచ్చినప్పుడు తమ పెద్ద పేరు ఆ జాబితాలో ఉందని చెప్పగలిగినది, అంతకుముందే పెట్టె తెరిచి చూసుకున్న కుటుంబాలే.